శనివారం ఆటకి రాని మనిషి

మా ఆయన గురించి గుడివాడలో జనం పనులు మానుకుని కూర్చుని వాదించుకున్న రోజులున్నాయి. నా గురించి ఎవరూ ఎప్పుడూ వాదించుకోలేదు. పిల్లలకి ఎక్కాలూ గుణింతాలూ చెప్పుకుని రిటైరైన పంతులమ్మ గురించి వాదించుకోవడానికి ఏముంటుంది గనక? కాని ఆ వాదనలకి మూలం నేనేనని వాదించినవాళ్లలో చాలామందికి చివరిదాకా తెలియదు. ఇప్పుడు తలుచుకుంటే వాళ్లందరికీ, తిట్టినవాళ్లతో సహా, దండం పెట్టాలనిపిస్తుంది. అప్పట్లో మాత్రం చీపురు తిరగెయ్యాలనిపించేది.

యాభైలు వెళ్లి అరవైలు వస్తున్న కాలం. మా వైపు వాలీబాల్ పిచ్చి అంతా ఇంతా కాదు. బందరు నుంచి దివిసీమ దాకా కాస్త పెద్ద ఊరన్న ప్రతి ఊళ్లోనూ రెండు సరుగుడు బాదులు పాతి, మధ్య వల కట్టి, పొద్దు వాలేసరికి బంతి ఎగరేసేవాళ్లు. టోర్నమెంటు పెట్టారంటే తిరనాళ్లే. సైకిళ్ల మీద ఇద్దరేసి ముగ్గురేసి, ఎడ్లబళ్ల మీద ఇంటిల్లిపాదీ వచ్చేవారు. గుడివాడలో ఒక రైసుమిల్లు షావుకారుగారు ఈ పిచ్చి కొంచెం ఎక్కువగా పట్టిన మనిషి. మిల్లు వెనక ధాన్యం ఆరబోసే గచ్చు పక్కన కోర్టు వేయించి, ఎక్కడెక్కడి ఆటగాళ్లనో ఏరి తెచ్చి మిల్లులో పని ఇచ్చేవారు. ఆటకి జీతమని ఎవరూ పైకి అనేవారు కాదు. గుమాస్తా అనేవారు. ఆట పోతే గుమాస్తాగిరీ కూడా పోతుందన్న సంగతి మాత్రం అందరికీ తెలుసు. మా ఆయన అలా కుదిరిన గుమాస్తా.

ఆయనది పామర్రు దగ్గర పల్లెటూరు, మాది దివిసీమ. రెండూ చర్చి కుటుంబాలే, రెండూ కూలీనాలీ నుంచి అప్పుడప్పుడే పైకి వస్తున్న ఇళ్లే. నేను ఎస్సెల్సీ ప్యాసయ్యాను. ఆయన ఎస్సెల్సీ దాకా వెళ్లి ఆగిపోయారు. మనిషి పొడుగు. ఎగిరితే మోచెయ్యి వలకి పైన ఉండేది. ఆయన షాట్ కొడితే బంతి నేలకి తగిలిన చప్పుడు రోడ్డు మీద సోడా కొట్టు దాకా వినపడుతుందని చెప్పుకునేవారు. ఆ చప్పుడు నేనూ విన్నాను. పెళ్లయిన కొత్తలో గోడ పక్కన మిల్లు ఆడవాళ్లతో నిలబడి చూసిన ఆటలో ఆయన ఎగిరినప్పుడల్లా నా గుండె కూడా ఎగిరేది. ఆ సంగతి ఆయనతో మాత్రం అనలేదు, నెత్తికెక్కుతుందని.

వాదనలన్నీ ఆ సోడా కొట్టు దగ్గరే. కొట్టాయన ఆట జరిగే రోజున బండి మీద సోడాలు పెట్టుకుని కోర్టు అంచుకి వచ్చేవాడు. టోర్నమెంటయినా మామూలు సాయంత్రపు ఆటయినా ఆయన లేకుండా మొదటి సర్వీసు పడేది కాదు. నోరు మాత్రం పచ్చిమిరపకాయ. మా ఆయనంటే ఆయనకి బొత్తిగా గిట్టదు. "ఆడతాడు, కాదన్నానా? మనసు పుడితే ఆడతాడు," అనేవాడుట. చేతికందిన బంతి తప్ప పరిగెత్తి అందుకోడని, పడి లేవడని, చొక్కా నలగకుండా ఆడే ఆట ఆటేనా అని. ఆయనకి ఎదురు మాట్లాడే మనిషి గవర్నమెంటాసుపత్రి కాంపౌండరుగారు. మా ఆయన్ని బావా అని పిలిచేవారు, చుట్టరికం ఏమీ లేకపోయినా. షాట్ కొట్టేవాడి పని షాట్ కొట్టడం, పెళ్లికొడుకు చేత పందిరి గుంజలు మోయిస్తారా అని ఆయన వాదన. వీళ్లిద్దరి వెనకా చెరో పదిమంది. సోడాల పొంగు చల్లారేది గాని వాదనలు చల్లారేవి కావు.

మాకు పాప పుట్టిన ఏడే బందరులో మిషను వారి ట్రైనింగ్ స్కూల్లో నాకు సీటొచ్చింది. రెండేళ్ల చదువు. అది పూర్తిచేస్తే టీచరు ఉద్యోగం ఖాయం. పెళ్లికి ముందెప్పుడో పెట్టుకున్న దరఖాస్తు, మరిచిపోయిన సంగతి. పాపకి అప్పటికి అయిదో నెల. హాస్టల్లోనే ఉండి చదవాలి, చంటిపిల్లల్ని ఉండనివ్వరు, బయటివాళ్లు శనివారం మధ్యాహ్నం రెండు గంటల సేపు వచ్చి చూసి వెళ్లవచ్చు. ఈ రూల్సు విన్న మా అత్తగారు, పాలు తాగే పిల్లని వదిలి చదువేమిటి, లోకం నవ్వుతుందన్నారు. పిల్లని నేను సాకుతాను గాని, రైలెక్కి బందరు తిప్పడం నా వల్ల కాదని కూడా తేల్చేశారు. ఆవిడకి రైలు పేరు చెబితేనే కళ్లు తిరుగుతాయి. ఆ మాటతో నేను సీటు వదులుకున్నట్టేననుకుని వంటింట్లోకి వెళ్లి పొయ్యి ఊదుతూ కూర్చున్నాను. పొగ వల్ల ఏడుస్తున్నానని సర్దుకోవచ్చు కదా.

ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. "నువ్వు వెళ్లు. శనివారం శనివారం పిల్లని నేను తీసుకొచ్చి చూపిస్తాను."

అంతే అన్నారు. శనివారం సాయంత్రాలే మిల్లు మ్యాచీలని ఆయనకి తెలియదా? తెలుసు. నాకే ఆ క్షణంలో తట్టలేదు, ఆయన గుర్తు చెయ్యలేదు.

పొద్దున గుడివాడలో ప్యాసింజరెక్కితే మధ్యాహ్నానికి బందరు. తిరుగు రైలు నాలుగుకల్లా గుడివాడ చేరాలి. చేరాలి అన్నది రైల్వేవారి మాట. అది పెడన దగ్గర కాసేపు, కౌతరం దగ్గర కాసేపు ఆగి, ఇంజను నీళ్లు తాగి, దాని బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది. మ్యాచి సరిగ్గా నాలుగుకి. అందుకని మొదటి నెలలో ఒక శనివారం మంచి మ్యాచి పడితే ఆయన అది ఆడారు, బందరు రాలేదు. నేను గేటు దగ్గర నిలబడి, నిలబడి, లోపలికి వెళ్లిపోయాను.

మరుసటి శనివారం పాపని తీసుకొచ్చారు. చేతులు చాపాను. అది నా మొహం వంక చూసి, పెదవి విరిచి, వెనక్కి తిరిగి వాళ్ల నాన్న భుజం మీద మొహం దాచుకుంది. బలవంతాన తీసుకుంటే గుక్కపట్టింది. రెండు గంటలూ అది నా దగ్గరికి రాలేదు. నేను కన్నపిల్ల నన్ను చూసి జడుసుకోవడం కన్నా పెద్ద దెబ్బ నా బతుకులో ఇంకోటి తగల్లేదు, ఇప్పటికీ. ట్రంకు సర్దుకుని వచ్చేస్తానన్నాను. ఆయన పిల్లని భుజాన వేసుకుని అటూ ఇటూ తిప్పారు. వెళ్లేటప్పుడు మాత్రం, ఇక శనివారం తప్పదులే అన్నారు.

అన్నట్టే తప్పలేదు. శనివారం ఆటలు తప్పాయి.

మిగతా రోజుల్లో ఆడేవారు గాని ఆ ఆట కూడా అంతంత మాత్రమేనట. పాపకి రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు. మా అత్తగారు పగలంతా మోసి మోసి రాత్రి పడుకుంటే ఒళ్లు తెలియదు. అందుకని రాత్రి కాపలా ఆయనది. ఒక సాయంత్రం ఆటలో, అవతలివాడు సర్వీసు చెయ్యబోతుంటే, ఈయన వల దగ్గర నిలబడి నోరంతా తెరిచి ఆవులించారుట. గుడివాడలో ఆ ఆవులింత గురించి వారం రోజులు మాట్లాడుకున్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఏదో ఒక వంక చెప్పే ఆటగాణ్ణి చూశాం గాని, ఆవులించే ఆటగాణ్ణి ఇప్పుడే చూస్తున్నామని సోడా కొట్టాయన. అలసిపోయి ఉంటాడని కాంపౌండరుగారు. ఏం చేసి అలసిపోయాడూ, పరిగెత్తాడా, పడ్డాడా అని మళ్లీ ఆయన. పాపం కాంపౌండరుగారి దగ్గర దానికి జవాబు లేదు. జవాబు మా ఇంట్లో ఉయ్యాలలో ఉంది.

బందరులో మాత్రం ఆయనకి ఒక వీరాభిమాని ఉన్నాడు. మా ట్రైనింగ్ స్కూలు వాచ్‌మన్. ఆ మనిషి బందరు టీము కోసం ప్రాణమిస్తాడు. గుడివాడ ఆటగాడు ప్రతి శనివారం తన గేట్లోకి నడిచి వస్తుంటే అతని ఆనందం చెప్పనలవి కాదు. తన స్టూలు తుడిచి వేసేవాడు. పాపకి గిలక్కాయ కొని తెచ్చాడొకసారి. రూలు ప్రకారం రెండు గంటలైతే, గోడ గడియారం తొందరగా నడుస్తోందమ్మా అని ఇంకో పావుగంట కలిపేవాడు. మీవారు ఎంతసేపుంటే మాకంత మంచిదని పళ్లన్నీ కనపడేలా నవ్వేవాడు. స్వార్థం కొద్దీ చేసినా, ఆ పావుగంటలు నాకు దేవుడిచ్చినవే. వాటికోసం వారమంతా కాచుకుని ఉండేదాన్ని.

గుడివాడలో ఏమనుకుంటున్నారో నాకు దసరా సెలవులకి రైలెక్కాకే తెలిసింది. ఆయన స్టేషనుకి వచ్చి పిల్లని నా చేతికిచ్చి, నన్ను ఆడవాళ్ల వైపు కూర్చోబెట్టి, తను తలుపు దగ్గర నిలబడేందుకు అవతలి చివరికి వెళ్లారు. నా వెనక బెంచీ మీద నలుగురు మొగవాళ్లు. రైలు కదిలిందో లేదో ఆట కబుర్లు మొదలుపెట్టారు. మిల్లు టీము ఓడిపోతోందని, షాట్ కొట్టే అతను శనివారాలు మాయమైపోతున్నాడని. ఎక్కడికనుకున్నారు, బందరుకి. బందరువాళ్లు కొనేశారు. ఒకతను కళ్లారా చూశాడట. చంకలో చంటిపిల్లని వేసుకుని స్టేషను దిగాడట. అయితే పిల్లని వాళ్లమ్మకి చూపించడానికేమో అని ఒక పెద్దాయన మెల్లిగా అన్నాడు. మిగతా ముగ్గురూ గొల్లుమన్నారు. "మీరు మరీనండీ. పిల్లని చూపించడానికి మ్యాచి మానుకునే మగాడు ఉంటాడా? పిల్ల చంకలో ఉంటే ఎవడికీ అనుమానం రాదని తెస్తున్నాడు."

చూడండి ఆ తెలివి. నిజం వాళ్ల కళ్లెదుటే చంకెక్కి తిరుగుతోంది. అది నమ్మడం చేతకాక, దాన్ని తెర చేసి, తెర వెనకాల ఇంకో నిజం కల్పించుకున్నారు. మా వైపు మొగవాళ్లు డబ్బు పుచ్చుకుని ఆట అమ్ముకున్నాడంటే నమ్ముతారు, పెళ్లాం చదువుకోవాలని ఆట మానుకున్నాడంటే నమ్మరు. నా ఒళ్లు మండిపోయింది. వెనక్కి తిరిగి ఆ తెర ఇదిగో నా ఒళ్లోనే ఉంది, కావలిస్తే ఎత్తుకు చూడండని అనేదాన్నే. ఇంతలో ఆయన మాకు వేరుసెనక్కాయలు కొనుక్కొచ్చారు. ఆయన్ని చూసి ఆ నలుగురూ గతుక్కుమని కిటికీలోంచి పొలాలు చూడ్డం మొదలుపెట్టారు. పొలాల్లో అంత చూడాల్సింది ఏమీ లేదు.

ఇంటికొచ్చాక అడిగాను. ఇంతమంది ఇన్ని అంటుంటే ఒక్కసారి నిజం చెప్పెయ్యరాదా అని. ఆయన పిల్లకి చమురు రాస్తున్నారు. తలెత్తకుండానే అన్నారు. "చెప్తే రేపట్నుంచి నిన్నంటారు. నన్ననుకోనీ. నాకు అలవాటే."

చదువు ఆపేస్తానని నోటిదాకా వచ్చింది మింగేశాను. అంత ఖరీదు పెట్టి కొంటున్న చదువుని సగంలో పారేస్తే నా అంత పాపాత్మురాలు ఉండదనిపించింది. సెలవులయ్యాక వెళ్లి, అప్పటిదాకా చదివినదానికి రెట్టింపు చదివాను.

క్రిస్మస్ ఇంకా రాలేదు, మంచు పడుతోంది. ఒక శనివారం ఆయన మామూలుగానే పిల్లని తీసుకుని వచ్చారు. పాప అప్పటికి నన్ను చూడగానే రెండు చేతులూ చాపుతోంది. నేను దాన్ని ఎత్తుకుని చెట్టు కింద కూర్చున్నాను. ఆ రోజు వాచ్‌మన్ మాత్రం స్టూలు తుడవలేదు, నవ్వలేదు. గేటు దగ్గర అటూ ఇటూ తిరుగుతున్నాడు. కాసేపటికి మా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"బాబుగారూ, ఇయ్యాల మీ ఊళ్లో ఫైనలు కదండీ. మా వోళ్లు పొద్దున్నే బస్సులో వెళ్లారు."

ఆయన అవునన్నట్టు తలూపారు. నేను ఆయన వంక చూశాను. ఆయన పాప కాలి పట్టీ సర్దుతున్నారు. అప్పుడు బయటపడింది. బందరు టీముతో ఫైనలు. షావుకారుగారు రెండు రోజుల ముందు పిలిచి, ఫైనలుకి నాలుగింటికి కోర్టులో కనపడకపోతే సోమవారం మిల్లుకి రానక్కర్లేదని చెప్పేశారట. ఉద్యోగం పోతే ఇల్లు పోతుంది, అది మిల్లు వారిదే. అందరం ఆయన పల్లెకి వెళ్లి కూలికి నిలబడాలి. నా చదువు కూడా అక్కడితో సరి. ఇదంతా కడుపులో పెట్టుకుని ఆ మనిషి ఏమీ ఎరగనట్టు వచ్చి పిల్ల పట్టీలు సర్దుతున్నారు. ఎందుకిలా చేశారని కోప్పడ్డాను. పోయిన వారం పాపకి జ్వరమొచ్చి ఒక్కసారి తేలేకపోయానుగా, వరసగా రెండు వారాలైతే మళ్లీ నిన్ను మరిచిపోతుందేమోనని, అన్నారు.

నేను ఏడ్చి ఉండేదాన్నే. వాచ్‌మన్ ఏడవనివ్వలేదు. ఆ మనిషికి అంత కోపం రావడం అంతకు ముందు చూడలేదు.

"లేవండి బాబుగారూ. మీరు లేకుండా మా వోళ్లు గెలిస్తే అదేం గెలుపండీ? ఆయన రాలేదు గాబట్టి గెలిచారంటారు. నేను చచ్చేదాకా అదే వినాలి. మీరుండగా కొడితేనే మాకు పరువు."

రైలు చూసుకుంటే అయ్యే పని కాదు. బస్సుకే వెళ్లాలి. గేటు వదిలితే అతని ఉద్యోగానికి మోసం. అయినా హాస్టలు వార్డెనమ్మగారి దగ్గరికి వెళ్లి ఏమి చెప్పాడో చెప్పి, ఆవిడనే గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఆవిడ వాలీబాల్ అంటే ఏమిటో ఎరగదు. సైకిలు వెనక మా ఆయన, ఆయన ఒళ్లో పాప. పిల్లని ఉంచెయ్యండన్నాను గాని ఆ రూలు మాత్రం ఎవరూ తప్పించలేకపోయారు. బందరువాడు గుడివాడవాణ్ణి సైకిలు మీద ఎక్కించుకుని బందరు టీమునే ఓడించడానికి బస్టాండు వైపు తొక్కుకుంటూ వెళ్లడం నేను గేట్లోంచి చూశాను. ఆ వాచ్‌మన్ రుణం ఎలా తీరుతుంది నాకు?

తరవాతి సంగతులు నేను చూడలేదు. కాంపౌండరుగారి నోట విన్నాను, మా అత్తగారి నోట విన్నాను, ఊళ్లో పదిమంది పది రకాలుగా చెప్పగా విన్నాను. ఆయన నోట మాత్రం రెండు ముక్కలే విన్నాను. పామర్రులో దిగేసరికి గుడివాడ బస్సు వెళ్లిపోయింది. ధాన్యం బస్తాలు వేసుకుని వెళ్తున్న లారీ ఎక్కి, బస్తాల మీద కూర్చుని గుడివాడ వెళ్లారు. లారీ డ్రైవరు పిల్లని ముందు తన పక్కన కూర్చోబెట్టుకుంటానన్నాడు గాని అది ఒప్పుకోలేదట, వాళ్ల నాన్న చొక్కా వదల్లేదట.

కోర్టులో మొదటి గేము అయిపోయింది. మిల్లు టీము చిత్తుగా ఓడింది. షావుకారుగారు పై కండువా దులుపుకుని, ఇక మీ ఆట మీరు చూసుకోండని లేచి ఇంటికి వెళ్లిపోయారు. రెండో గేము సగంలో ఉండగా జనం వెనకనుంచి మా ఆయన వచ్చారు. ఒంటి మీద వడ్ల దుమ్ము, చంకలో పిల్ల. జనం దారిచ్చారు. తిడదామని నోరు తెరిచినవాళ్లు కూడా పిల్లని చూసి ఆగారట. చొక్కా విప్పి కోర్టులో దిగాలి, పిల్లని ఎవరికివ్వాలి? అప్పటికి కాంపౌండరుగారు అవతలి వైపు లైను అంపైరు. అందుబాటులో నిలబడి ఉన్నవాడు సోడా కొట్టాయన ఒక్కడే. ఆయన చేతుల్లో పిల్లని పెట్టేసి వెళ్లిపోయారు. ఇవ్వనా అని అడగలేదట. కొట్టాయనా వద్దనలేదట.

ఆ రోజు మా ఆయన ఎలా ఆడారన్న దాని మీద గుడివాడలో ఈనాటికీ, బతికున్నవాళ్ల మధ్య, ఏకాభిప్రాయం లేదు. పరిగెత్తి వెళ్లి గచ్చు మీద పడి బంతి తీశారని, మోకాళ్లు చీరుకుపోయాయని కొందరు. మోకాళ్ల సంగతి నిజమే, ఆ గాయాలకి నేనే తరవాతి వారం పసుపు రాశాను. రెండో గేము గెలిచారు. మూడోది చివరిదాకా లాగి లాగి ఓడిపోయారు. మొదట్నుంచీ ఉండి ఉంటే గెలిచేవారని కొందరు, లారీ మీద వచ్చినవాడు అంతకంటే ఏం ఆడతాడని కొందరు, కావాలనే చివరి బంతి వలకి కొట్టాడని ఇంకా కొందరు. ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో వాళ్లకి. బందరులో మా వాచ్‌మన్ మాత్రం నన్ను చూసి, పరువుగా గెలిచామమ్మా అని చేతులు జోడించాడు.

కాని సోమవారం ఇంకా ఉంది. ఆయన పొద్దున్నే మిల్లుకి వెళ్లి లోపలికి రమ్మంటే వెళ్దామని గుమ్మం బయట నిలబడ్డారు. మా అత్తగారు ఇంట్లో గిన్నెలు ఒక మూట కట్టేశారు కూడా. షావుకారుగారికి ఎటూ తేలలేదు. వచ్చాడన్నది నిజం, నాలుగింటికి రాలేదన్నదీ నిజం, ఓడిపోయామన్నదీ నిజం. తను చూద్దామంటే మధ్యలో లేచి వెళ్లిపోయారాయె. వచ్చినవాడు ప్రాణం పెట్టి ఆడాడో, మొక్కుబడికి ఆడాడో తేల్చుకుంటే ఉంచాలో పంపాలో తేలుతుందనుకున్నారు. కాంపౌండరుగార్ని అడిగితే ఎలాగూ పొగుడుతారు. అందుకని సోడా కొట్టాయన్ని పిలిపించారు. ఊళ్లో మా ఆయన్ని అంతగా తిట్టిన మనిషి ఇంకొకడు లేడు. ఆయన బాగా ఆడాడంటే బాగా ఆడినట్టే, లేదంటే లేనట్టే. ఇంత చిన్న నాలిక మీద మా నలుగురి బతుకూ నిలబడి ఉంది.

కాంపౌండరుగారు కూడా వెంట వెళ్లి గుమ్మంలో నిలబడ్డారు గనక ఈ మాటలు ఉన్నవి ఉన్నట్టే నాకు అందాయి. ఎట్లా ఆడాడో దాచకుండా చెప్పమన్నారు షావుకారుగారు. సోడా కొట్టాయన తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. గుమ్మం బయట ఉన్న మా ఆయన వంక చూడలేదు.

"ఆట నేను చూళ్లేదండీ."

అక్కడే ఉన్నావు కదా అన్నారు షావుకారుగారు.

"ఉన్నానండీ. పిల్ల నా చేతుల్లో ఉందండీ. జనం అరుపులకి బెదిరి ఒకటే ఏడుపు. కొట్టు వెనక్కి తీసుకెళ్లి తిప్పుతా ఉన్నాను. చప్పట్లు వినపడతన్నాయి, వెళ్లి చూద్దామంటే అది మెడ పట్టుకుని వదల్లేదు. ఎట్టా వదిలేసి వెళ్తానండీ?"

అయితే ఆ పిల్ల నీ చేత కూడా ఆట మాన్పించిందన్నమాట అన్నారట షావుకారుగారు. ఆ తరవాత మా ఆయన్ని లోపలికి పిలిచి, వెళ్లి నీ సీట్లో కూర్చోమన్నారు. శనివారం మ్యాచీలు ఇకమీద బందరు రైలు వచ్చాకే మొదలుపెట్టమని టీము పెద్దకి కబురంపారు. ఆ రోజు నుంచి మా ఆయన ఒక్క ఆట తప్పలేదు, నేను నా పిల్లని ఒక్క శనివారం చూడకుండా లేను. రెండేళ్లూ పూర్తయ్యాయి. నా చేతికి సర్టిఫికెట్ వచ్చింది, తరవాత బడి వచ్చింది, ఆ బడి మా పిల్లలందరినీ చదివించింది.

ఆ చదువు నాకు ఎవరిచ్చారంటే మా ఆయన పేరే చెప్తాను, ఇంకా మా అత్తగారు, ఆ వాచ్‌మన్, కుర్చీ వేసుకుని గేటు కాసిన వార్డెనమ్మగారు. కాని పొద్దున ప్రార్థనలో అందరికన్నా ముందు గుర్తొచ్చేది ఆ సోడా కొట్టాయనే. మిల్లు కోర్టు వేసినప్పట్నుంచీ ఆయన చూడని ఆట ఒక్కటే, అది మా పిల్ల కోసం మానుకున్నాడు.